డిజిటల్ ధ్వనిముద్రణ: అంకె చెప్పేది, చెప్పనిది
(‘మాయాబజార్’ కొత్త ధ్వని రూపం ఆధారంగా ఒక విమర్శ)

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ధ్వనిని అంకెలుగా మార్చడంలోని శాంప్లింగ్, క్వాంటైజేషన్ దశలను వివరించగలుగుతారు.
• ‘డిజిటల్’, ‘రీమాస్టర్డ్’, ‘5.1’ అనే మాటలు ఒక ముద్రణ గురించి ఏం చెబుతాయో, ఏం చెప్పవో వివేచించగలుగుతారు.
• ‘మాయాబజార్’ చిత్రానికి 2010లో వచ్చిన ధ్వని రూపాన్ని విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.
• మీ ప్రాంతపు మౌఖిక కళలను ముద్రించేటప్పుడు పాటించవలసిన పద్ధతులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఒక పద్యానికి నాలుగు ప్రతుల్లో నాలుగు పాఠాలు కనిపిస్తే, ఏది మూలానికి దగ్గర, ఏది ప్రక్షిప్తం అని సాహిత్య విద్యార్థి అడుగుతాడు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించే ముందు అనేక ప్రతులను పోల్చి చూశాడు. పరిష్కర్త ఎక్కడ ఏం మార్చాడో పీఠికలో చెప్పాలన్నది ఈ శాస్త్రంలో కనీస మర్యాద.

ధ్వనిముద్రణ విషయంలో ఇదే ప్రశ్న వేయడం మనకు ఇంకా అలవాటు కాలేదు. పాత పాటకు ‘డిజిటల్ రీమాస్టర్డ్’ అని చీటీ అంటిస్తే చాలు, అది మూలంకంటె మెరుగైనదని నమ్ముతాం. నిజానికి రీమాస్టరింగ్ కూడా ఒక పరిష్కరణమే. ఎవరో ఒకరు కూర్చొని, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది పెంచాలి అని నిర్ణయించిన ఫలితం అది. కాబట్టి దాన్ని కూడా విమర్శించవచ్చు, విమర్శించాలి. అందుకు ముందుగా అంకెల వెనుక ఉన్న సూత్రం తెలియాలి.

2. ధ్వని అంకెగా మారే విధం

2.1 శాంప్లింగ్

గాలిలోని పీడన మార్పులను మైక్రోఫోన్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఈ సంకేతం ఎడతెగని ప్రవాహం. దాని విలువను సెకనుకు కొన్ని వేల సార్లు, సమాన వ్యవధుల్లో కొలిచి రాసుకోవడమే శాంప్లింగ్.

ఎన్నిసార్లు కొలిస్తే సరిపోతుంది? సంకేతంలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలవాలి. హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో ఈ సూత్రాన్ని స్పష్టంగా నిరూపించాడు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు కనుక, సెకనుకు 40,000 కంటె కొంచెం ఎక్కువ శాంపిళ్లు చాలు. 1982లో విపణిలోకి వచ్చిన కాంపాక్ట్ డిస్క్‌లో ఈ సంఖ్య 44,100. ఈ వింత సంఖ్యకు కారణం చెవి కాదు, వీడియో టేపు. మొదట్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద నిల్వ చేసేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు 245 గీతలు, గీతకు 3 శాంపిళ్లు: గుణిస్తే 44,100.

సూత్రాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుంది? పౌరాణిక చిత్రాల్లో రథం వేగంగా పరుగెత్తుతుంటే చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడం మీరు గమనించే ఉంటారు. సెకనుకు 24 ఫ్రేములు మాత్రమే తీసే కెమెరా ఆ వేగాన్ని అందుకోలేక అబద్ధపు చలనాన్ని చూపిస్తుంది. ధ్వనిలోనూ ఇంతే. 30,000 హెర్ట్జ్ కంపనాన్ని 44,100 రేటుతో కొలిస్తే, అది 14,100 హెర్ట్జ్ దగ్గర, లేని స్వరంగా వినిపిస్తుంది. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఒకసారి లోపలికి వచ్చిన తరువాత ఈ దొంగ స్వరాన్ని అసలు స్వరం నుంచి విడదీయలేం. అందుకే కొలవడానికి ముందే వడపోత ద్వారా అధిక పౌనఃపున్యాలను ఆపుతారు.

2.2 క్వాంటైజేషన్

కొలిచిన ప్రతి విలువను ఒక పూర్ణాంకానికి సర్దడం క్వాంటైజేషన్. 16 బిట్లు వాడితే 65,536 స్థాయిలు లభిస్తాయి. 24 బిట్లు వాడితే 1,67,77,216. బట్టల దుకాణంలో మీటరు కర్రతో కొలిచేటప్పుడు చివరి మిల్లీమీటరును సర్దివేసినట్లే, ఇక్కడా ప్రతి కొలతలో చిన్న దోషం మిగులుతుంది. ఆ దోషం మనకు సన్నని రొద రూపంలో వినిపిస్తుంది. ఒక్కొక్క బిట్ అదనంగా చేరినప్పుడు ఈ రొద సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి 16 బిట్లకు సుమారు 96 డెసిబెల్స్ వ్యాప్తి వస్తుంది. ఇంట్లో వాడిన క్యాసెట్‌కు ఇంతటి వ్యాప్తి ఎన్నడూ లేదు.

2.3 మెట్ల బొమ్మ మీద ఒక అభ్యంతరం

అనేక పుస్తకాల్లో డిజిటల్ ధ్వనిని మెట్లు మెట్లుగా ఉన్న గీతతో చూపిస్తారు. నున్నని అనలాగ్ తరంగం పక్కన ఆ బొమ్మ చూసిన విద్యార్థి ‘డిజిటల్ అంటే ముక్కలు ముక్కలు, అందుకే సహజంగా ఉండదు’ అనే నిర్ణయానికి వస్తాడు. ఈ బొమ్మ దారి తప్పిస్తుంది. శాంపిళ్లు మెట్లు కావు, బిందువులు. వాటిని తిరిగి ధ్వనిగా మార్చే పరికరంలోని వడపోత ఆ బిందువుల గుండా నున్నని తరంగాన్నే గీస్తుంది. షానన్ సూత్రం ప్రకారం, వడకట్టిన పరిధిలో ఆ బిందువుల గుండా పోగల తరంగం ఒక్కటే, అది మూల తరంగమే. క్వాంటైజేషన్ దోషం మిగులుతుంది గాని, డిథర్ అనే అతి స్వల్పమైన యాదృచ్ఛిక రొదను ముందే కలిపితే అది వికృతిగా కాక, నిలకడైన మృదువైన రొదగా మారుతుంది.

కాబట్టి డిజిటల్ ధ్వని సహజంగా లేదని మీకు అనిపిస్తే, కారణం అంకెల్లో ఉండడం అరుదు. అది అంకెలకు ముందు గాని, తరువాత గాని ఉంటుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) 48,000 శాంప్లింగ్ రేటులో ముద్రించగల అత్యధిక పౌనఃపున్యం సుమారు ఎంత?
ఆ) మెట్ల బొమ్మ ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది?

3. అంకెకు ముందు, అంకెకు తరువాత

అంకెలు చేసే పని నమ్మకమైన గుమస్తా పని వంటిది. చెప్పినది చెప్పినట్లు రాస్తుంది. చెప్పినది తప్పయితే ఆ తప్పును కూడా శాశ్వతంగా రాసి పెడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరగవలసిన గ్రామఫోను రికార్డును 80 చుట్ల వేగంతో తిప్పి డిజిటల్‌లోకి ఎక్కిస్తే, గాయకుడి శ్రుతి కొంత పైకి జరుగుతుంది. నాటక పద్యం పాడిన నటుడి గొంతు వయస్సు తగ్గినట్లు వినిపిస్తుంది. ఫైలు 24 బిట్లదే కావచ్చు, గొంతు మాత్రం అతనిది కాదు.

అటువైపు చివర కూడా ఇంతే. సెల్‌ఫోనులోని చిన్న స్పీకరు మృదంగం ఎడమ వైపు గుంభన నాదాన్ని దాదాపు ఇవ్వలేదు. పై అనుస్వరాల ఆధారంగా మన మెదడు ఆ నాదాన్ని ఊహించుకుంటుంది. జాతరలో గుడి మీద కట్టిన హారన్ మైకు గొంతులోని మధ్య భాగాన్నే పొలాల మీదుగా దూరం పంపుతుంది. దాని పని అదే. ఆ మైకులో విని ఒక గాయకుడి ముద్రణను అంచనా వేయడం, కిటికీ సందులోంచి చూసి ఇంటికి వెల కట్టడం వంటిది.

4. ‘మాయాబజార్’: ఒక పాట, రెండు పాఠాలు

4.1 1957 నాటి ధ్వని

విజయా వారి పతాకం మీద కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. సంగీతం ఘంటసాలది. తొలి దశలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కూర్చారు. చిత్రం నలుపు తెలుపు, ధ్వని మోనో. అంటే మాట, పాట, వాద్యం, కోలాహలం అన్నీ కలిసి ఒకే ధ్వని మార్గంగా ఫిల్ము అంచున కాంతి రూపంలో ముద్రితమయ్యాయి. ఆ ధ్వని తెర వెనుక ఉన్న స్పీకరు నుంచి, బొమ్మ ఉన్న దిక్కునుంచే వినిపించేది.

మోనో అంటే లోతు లేని ధ్వని అనుకోవడం పొరపాటు. ఎడమ, కుడి అనే వెడల్పు దానికి లేదు. దగ్గర, దూరం అనే లోతు మాత్రం ఉంది. మైకుకు ఎవరు ఎంత దగ్గరగా నిలబడ్డారు, గొంతుకు ఎంత ప్రతిధ్వని కలిపారు, వాద్యం ఎంత వెనక్కి జరిగింది అన్నవాటితో ఆనాటి శబ్దగ్రాహకులు ఆ లోతును కట్టారు. ఘంటసాల, పి. లీల పాడిన వెన్నెల పడవ పాటలో గొంతులు ముందు, వాద్యాలు వెనుక ఉండే తీరును హెడ్‌ఫోనుతో విని చూడండి. మాధవపెద్ది సత్యం పాడిన ఘటోత్కచుడి విందు పాటలో నవ్వు తెరనంతా ఆక్రమించినట్లు అనిపించడానికి రెండో స్పీకరు అవసరం కాలేదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ప్రధానం. కాంతి ముద్రణలో గరగర ఎక్కువ. దాన్ని అణచడానికి ఆనాటి థియేటర్ వ్యవస్థలు పై పౌనఃపున్యాలను కావాలనే తగ్గించేవి. 1938లో హాలీవుడ్‌లో స్థిరపడిన ‘అకాడమీ’ ప్రమాణం ప్రకారం, 5,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 10 డెసిబెల్స్, 8,000 దగ్గర సుమారు 18 డెసిబెల్స్ తగ్గుదల ఉండేది. థియేటరులో తగ్గుతుందని తెలిసిన శబ్దగ్రాహకులు ముద్రణలోనే పై భాగాన్ని కొంత పెంచేవారు. మన మద్రాసు స్టూడియోలు వాడినవి కూడా పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన ఇటువంటి పరికరాలే.

దీని పర్యవసానం ఏమిటి? ఆ ఫిల్ము ధ్వనిని ఈనాటి పరికరంలో ఏ తగ్గింపూ లేకుండా వినిపిస్తే, గొంతులు కీచుగా, గరగర పెద్దగా వినిపిస్తాయి. ‘పాత రికార్డింగులు ఇంతే’ అని మనం పెదవి విరుస్తాం. లోపం గాయకులదీ కాదు, శబ్దగ్రాహకులదీ కాదు. వారు సగం లెక్క రాసి, మిగతా సగం థియేటరుకు వదిలారు. మనం ఆ రెండో సగాన్ని మరిచిపోయాం.

4.2 2010 నాటి రూపం

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ చిత్రానికి రంగులు అద్ది, ధ్వనిని మోనో నుంచి డీటీఎస్ 5.1కు మార్చి, 2010 జనవరి 30న విడుదల చేసింది. 1993లో ‘జురాసిక్ పార్క్’తో థియేటర్లలోకి వచ్చిన డీటీఎస్ పద్ధతిలో ఎడమ, మధ్య, కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి అని అయిదు మార్గాలు, గంభీర ధ్వనికి ప్రత్యేకంగా ఒక మార్గం ఉంటాయి. ‘.1’ అంటే ఆ చివరిదే.

అర్థ శతాబ్దం నాటి చిత్రాన్ని కొత్త తరం మళ్లీ థియేటరులో చూడడం ఆ ప్రయత్నం సాధించిన మేలు. పాత ఫిల్ము మీది టపటపలు తొలగించడం కూడా అవసరమైన సేవే. ఇక ప్రశ్న ‘5.1’ గురించి.

ఒకే మార్గంలో కలిసిపోయిన ధ్వని ఆరు మార్గాల్లోకి ఎలా వెళుతుంది? దారులు మూడే. ఒకటి: ఉన్న ధ్వనినే కొద్ది ఆలస్యంతో, వడపోతలతో చుట్టూ పరచడం. రెండు: కొత్తగా వాద్యాలనో శబ్దాలనో వాయించి, సృష్టించి చేర్చడం. మూడు: కలిసిన ధ్వనుల్ని విడదీయడం. మొదటిది భ్రమ, రెండవది చేర్పు. మూడవది పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస పని. 2010 నాటికి ఆ హంస ఇంకా ఎదగలేదు. యంత్రానికి గొంతును, వాద్యాన్ని గుర్తించడం నేర్పి విడదీసే పద్ధతి తరువాతి కాలంలోనే పరిణతి చెందింది. 2021 నాటి బీటిల్స్ డాక్యుమెంటరీలోనూ, 2023లో వెలువడిన వారి ‘నౌ అండ్ దెన్’ పాటలోనూ ప్రపంచం దాని ఫలితం విన్నది. ఆ హంస కూడా సందేహం వచ్చిన చోట ఊహిస్తుంది. పాలల్లో కొన్ని నీళ్లు మిగులుతాయి, నీళ్లతో కొన్ని పాలు పోతాయి.

4.3 అంచనా

పై చర్చను బట్టి నా నిర్ణయం ఇది. ‘5.1’ అనేది స్పీకర్ల లెక్క, మూలంలోని సమాచారపు లెక్క కాదు. 1957 నాటి మూలంలో ఉన్నది ఒకే మార్గం. దాన్ని ఆరుగా చేసినప్పుడు పెరిగినది సమాచారం కాదు, వ్యాఖ్యానం. వ్యాఖ్యానం నేరం కాదు. మల్లినాథసూరి వ్యాఖ్యానం లేకపోతే కాళిదాసు చాలామందికి అందడు. కాని మల్లినాథుడు తన వాక్యాలను కాళిదాసు శ్లోకాల్లో కలిపి అచ్చు వేయలేదు. మూలం పైన, వ్యాఖ్య కింద.

అందువల్ల థియేటరు ప్రదర్శనగా 2010 రూపాన్ని ఆహ్వానించవచ్చు. చారిత్రక పత్రంగా మాత్రం అది మోనోకు బదులు కాలేదు. తెలుగు పాత చిత్రాల విషయంలో మనం కోరవలసినవి రెండు. కొత్త రూపంతో పాటు, అకాడమీ తగ్గింపును సరిగా పాటించిన మోనో రూపం కూడా శ్రోతకు అందాలి. ఏం తీశారో, ఏం చేర్చారో చెప్పే ఒక పేజీ పీఠిక ఉండాలి. ఈ రెండూ లేనప్పుడు, తరువాతి తరం ఆ చేర్పులనే ఘంటసాల వాద్యగోష్ఠిగా నమ్ముతుంది. ప్రక్షిప్తం మూలంలో కలిసిపోవడమంటే ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) పాత ఫిల్ము ధ్వని ఈనాటి పరికరాల్లో కీచుగా వినిపించడానికి కారణమేమిటి?
ఆ) మోనో ధ్వనిని 5.1గా మార్చడానికి ఉన్న మూడు దారులు ఏవి?

5. శుభ్రపరచడంలోని అపాయం, కుదింపులోని నష్టం

రొదను తొలగించే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక తర్కం మీద పనిచేస్తుంది: మారుతూ ఉండేది మాట, మారకుండా ఉండేది రొద. ఫ్యాను శబ్దానికి ఈ తర్కం సరిపోతుంది. మన సంగీతంలో మారకుండా ఉండేది మరొకటి ఉంది, శ్రుతి. తంబుర నాదం, శ్రుతిపెట్టె నాదం పాట పొడుగునా నిలకడగా ఉంటాయి. మాటల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా వాడితే, అది రొదతో పాటు శ్రుతిని కూడా తినేస్తుంది. పాట నేల లేని ఇల్లవుతుంది. అతిగా శుభ్రం చేసిన ధ్వని నీటి లోపలి నుంచి వచ్చినట్లు గలగలమంటుంది. గాయకుడు ఊపిరి తీసుకునే శబ్దం కూడా పోతుంది. ఆ ఊపిరి దోషం కాదు, పద్యం ఎక్కడ విరిగిందో చెప్పే గుర్తు.

కుదింపు మరొక సంగతి. కాంపాక్ట్ డిస్క్ ధ్వనికి సెకనుకు 14,11,200 బిట్లు కావాలి. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో దాదాపు పదకొండవ వంతుతో సరిపెడుతుంది. జాతరలో డప్పు మోగుతుంటే పక్కవాడి మాట వినపడదు కదా! పెద్ద ధ్వని చాటున వినపడని చిన్న ధ్వనులను వదిలివేయడమే దీని కిటుకు. వినడానికి ఇది చక్కని ఉపాయం. అయితే చెక్కల దెబ్బ, తాళాల మోత వంటి పదునైన శబ్దాల దగ్గర తడబడుతుంది. గట్టిగా కుదిస్తే దెబ్బ పడడానికి ముందే సన్నని రొద పొగలా వినిపిస్తుంది. కుదించిన దాన్నే మళ్లీ కుదిస్తే నష్టం పేరుకుంటుంది. పోయిన బిట్లు తిరిగి రావు.

6. మన ప్రాంతానికి అన్వయం

ఈ విమర్శ సినిమాకే పరిమితం కాదు. అగళి, రొళ్ల, అమరాపురం, గుడిబండ, మడకశిర ప్రాంతాల్లో తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. తిరగలి పాటలు పాడే అవ్వ ఒక చరణం తెలుగులో, మరొకటి కన్నడంలో అందుకోవచ్చు. తిరగళ్లు మూలన పడ్డాయి కాబట్టి ఆ పాటలు తెలిసిన గొంతులు తగ్గిపోతున్నాయి. రాయలసీమ చెక్కభజన, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఇంకా సజీవంగా ఉన్నాయి. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అవార్డు కళాకారుణ్ణి గౌరవిస్తుంది. గొంతును మాత్రం ముద్రణే నిలుపుతుంది. ‘మాయాబజార్’కు మూల ఫిల్ము ఉంది, కనుక తప్పు చేసినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. అవ్వ పాటకు మీ ముద్రణే మూలం. రెండో అవకాశం ఉండకపోవచ్చు.

తోలుబొమ్మలాటను ముద్రించాలంటే మైకు ఎక్కడ పెట్టాలి? తెర ముందు పెడితే ప్రేక్షకులు విన్న ఆట వస్తుంది. తెర వెనుక పెడితే యుద్ధ ఘట్టంలో కాళ్ల కింద చెక్కలు తొక్కే చప్పుడు, ఆటగాళ్ల గుసగుసలు వస్తాయి. రెండూ నిజాలే, రెండూ ఒకటి కావు. మైకు పెట్టిన చోటే మీ మొదటి వ్యాఖ్యానం. కాబట్టి అది ఎక్కడ పెట్టారో రాసి ఉంచండి.

పాటించవలసిన పద్ధతులు:

(1) కుదింపు లేని వేవ్ రూపంలో, 48,000 రేటు, 24 బిట్లతో ముద్రించండి. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం భద్రపరచడానికి సూచించే కనీస ప్రమాణం ఇదే. ఒక మైకుతో గంటకు సుమారు 518 మెగాబైట్లు అవుతుంది. 64 గిగాబైట్ల కార్డులో నూరు గంటలకు పైగా పడుతుంది. చోటు చాలదనే సాకు ఈ రోజు చెల్లదు.

(2) స్థాయిని తక్కువగా ఉంచండి. టేపు అతి ధ్వనిని కొంత మన్నిస్తుంది, అంకె మన్నించదు. పై హద్దు దాటితే తరంగం తల తెగుతుంది. 18 డెసిబెల్స్ ఖాళీ వదిలినా, 24 బిట్లలో పోయేది మూడే.

(3) ఫోనులోని స్వయంచాలక స్థాయి సవరణను, రొద తొలగింపును వీలైనంతవరకు ఆపండి. లేకపోతే ప్రతి చెక్క దెబ్బ తరువాత గొంతు కుంగి, మళ్లీ ఉబ్బుతుంది. ఫోనులో అది వీలుకాకపోతే, ఆ విషయం కూడా రాయండి.

(4) పాడేవారి అనుమతి తీసుకోండి. పేరు, ఊరు, తేదీ, పాట సందర్భం మొదట్లోనే మాటల్లో ముద్రించండి. అర నిమిషం పాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా ముద్రించండి. తరువాత రొదను గుర్తించడానికి పనికివస్తుంది.

(5) మూల ఫైలును ఎన్నడూ సవరించకండి. సవరణలన్నీ నకలు మీదనే. నకళ్లు కనీసం మూడు, వేరు వేరు చోట్ల ఉంచండి. వాట్సాప్‌లో పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే గట్టిగా కుదించిన రూపమే అవతలికి చేరుతుంది.

7. సారాంశం

శాంప్లింగ్ రేటు పౌనఃపున్య పరిధిని, బిట్ల సంఖ్య ధ్వని వ్యాప్తిని నిర్ణయిస్తాయి. ఈ రెండు హద్దుల లోపల డిజిటల్ పద్ధతి నమ్మదగినదే. అసలు తేడాలు మైకు స్థానం, మూలం వేగం, శుభ్రపరచే చెయ్యి, కుదింపు, స్పీకరు దగ్గర వస్తాయి. 2010 నాటి ‘మాయాబజార్’ ధ్వని ఒక వ్యాఖ్యానం. దాన్ని వ్యాఖ్యానంగా ఆస్వాదించాలి, మూలంగా పొరబడరాదు. గ్రంథ పరిష్కర్త నుంచి కోరే నిజాయితీనే ధ్వని పరిష్కర్త నుంచి కూడా కోరాలి. రేపు మీ చేతికి ముద్రణ యంత్రం వచ్చినప్పుడు ఆ నిజాయితీ మీ బాధ్యత అవుతుంది.

8. ముఖ్య పదాలు

శాంప్లింగ్: సంకేతం విలువను సమాన వ్యవధుల్లో కొలవడం.
క్వాంటైజేషన్: కొలిచిన విలువను పూర్ణాంకానికి సర్దడం.
ఏలియాసింగ్: చాలినన్ని శాంపిళ్లు లేనప్పుడు పుట్టే అబద్ధపు పౌనఃపున్యం.
డిథర్: క్వాంటైజేషన్ వికృతిని నివారించడానికి కలిపే స్వల్ప రొద.
మోనో: ఒకే ధ్వని మార్గం గల ముద్రణ.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘రీమాస్టరింగ్ ఒక పరిష్కరణమే’ – ‘మాయాబజార్’ ఆధారంగా చర్చించండి. రచయిత నిర్ణయంతో మీరు విభేదిస్తే, కారణాలు చూపండి.
2. ధ్వని అంకెలుగా మారే దశలను సోదాహరణంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రొద తొలగింపు సాఫ్ట్‌వేర్ శ్రుతికి ఎందుకు హాని చేస్తుంది?
2. మీ ఊరిలోని ఒక మౌఖిక కళను ముద్రించడానికి మైకును ఎక్కడ ఉంచుతారు? ఎందుకు?